చాప మీద కూర్చున్నవాళ్ళని లేపరు

కోనసీమకి నేను ఊళ్ళు చూడడానికి వెళ్ళలేదు. ఒక కాలు చూడడానికి వెళ్ళాను. ఈ మాట ముందే చెప్పేస్తే, కొబ్బరితోటల గురించి తక్కువ రాశానని తర్వాత ఎవరూ నిష్ఠూరమాడరు.

అనంతపురంలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని నేను. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో, అప్పటికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నా వార్డులో శాంతి అని రాజోలు వైపు పిల్ల పనిచేసేది. ఒకరోజు డ్రెస్సింగ్ ట్రే సర్దుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"మా అమ్మ కుడికాలు ఏడెనిమిదేళ్ళ నించి వాస్తోందండి. నెలకోసారి చలిజ్వరం వస్తోందంట. ఉత్తరాల్లో పక్కింటివాళ్ళు రాస్తే తెలిసింది. నేనెళ్తే చీర కుచ్చిళ్ళు కింద దాచేసుకుంటాదండి. కూతురు నర్సయ్యి ఏం లాభమండి?"

పరాయివాళ్ళకైతే చూపిస్తుందేమో, మీరొకసారి వెళ్ళిరారా అని అడిగింది. ఒకే వార్డు వాళ్ళం ఇద్దరం ఒకే వారం సెలవు పెట్టడానికి లేదు. గుడ్ ఫ్రైడే వచ్చే వారం అయితే అమ్మ పనికి పోకుండా ఇంట్లో ఉంటుందట. "కోనసీమ చూసినట్టూ ఉంటుందండి" అని చివర్లో తాయిలం చూపించింది. నేను ఒప్పుకున్నది తాయిలానికే. చేపల పులుసు మీద నాకు చిన్నప్పటి నుంచీ ఆశ.

రావులపాలెం దాటాక

గోదావరి వంతెన దిగి బస్సు లోపలికి తిరిగాక, ఎటు చూసినా నీళ్ళే. కాలువ పక్కన రోడ్డు, రోడ్డు పక్కన చేను, చేనులో మళ్ళీ నీళ్ళు. ఒకావిడ కాలువగట్టు మీద గేదెను కడుగుతోంది. మా ఇంట్లో వారం రోజులు వాడుకునే నీళ్ళు ఆ గేదె వీపు మీద పోసేసింది. నాకు కడుపు మండింది. తప్పు గేదెది కాదని తెలుసు.

పక్క సీటులో ఒక పెద్దాయన అరటిగెల కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"మీదే ఊరండి?"

"అనంతపురం."

"ఆయ్. అక్కడ నీళ్ళుండవంట కదండి."

"ఉంటాయి. నాలుగు రోజులకోసారి."

ఆయన చాలాసేపు నా వంక జాలిగా చూశాడు. అరటిగెల నుంచి రెండు పళ్ళు తుంచి చేతిలో పెట్టాడు. పులస చేప దొరికే కాలంలో రాలేదని నా తరఫున ఆయనే బాధపడ్డాడు. "శ్రావణంలో రావాల్సిందండి, ఇప్పుడొచ్చేరేంటండి" అని దిగేదాకా మూడుసార్లు అన్నాడు. వాళ్ళ మర్యాద అలాంటిది. తిట్టినా చివర 'అండి' తగిలించి తిడతారని శాంతి ముందే చెప్పింది.

కొత్తపేట

బస్సు ఆగితే బొండాం తాగుదామని దిగాను. నాలుగు రూపాయలు. మా ఊళ్ళో పది, అదీ ముదురుది. నీళ్ళు తాగి వెళ్ళిపోబోతే బొండాలతను ఊరుకోలేదు. దాన్ని రెండు చెక్కలు చేసి, పెచ్చుతో లేత కొబ్బరి గీరి ఇచ్చాడు. తినకుండా వెళ్తే తనకి తప్పుపని అన్నట్టు చూశాడు.

అది తింటూ మెట్టు దిగడంలో నా చెప్పు తెగింది. ఎదురుగానే చెప్పులు కుట్టే ముసలాయన ఉన్నాడు. కుట్టాక, పట్టీ సరిపోయిందో లేదో చూద్దామని నా పాదం చేత్తో పట్టుకోబోయాడు. నేను చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాను. ఆయన నవ్వి, చెప్పు నేల మీద పెట్టి, "మీరే తొడుక్కోండమ్మా" అన్నాడు.

నాకది మొదటి నుంచీ ఉన్న జబ్బు. ఎన్ని వందల కాళ్ళు కడిగానో నాకే తెలియదు. విరిగినవి, కాలినవి, షుగరుతో కుళ్ళినవి. నా కాలు మాత్రం ఎవరైనా ముట్టుకుంటే పడదు.

అమలాపురం

ఇక్కడ బస్సు మారాలి. ఈలోపు మందుల షాపుకి వెళ్ళి గాజుగుడ్డ, ఆయింట్‌మెంటు, రెండు సబ్బులు, మాత్రలు అడిగాను. షాపాయన చీటీ చూసి అన్నీ తీస్తూనే, "బోదకాలికాండీ?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురుంటారండి. దోమలు కదండి."

అలాగైతే ఇంత మందికి ఉన్న కాలుని ఆ తల్లి కన్నకూతురి దగ్గర దాచడం దేనికి? షుగర్ అందరికీ ఉన్న వీధిలో షుగర్ దాచుకునేవాళ్ళని నేను చూడలేదు. బస్సులో అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. కిటికీ దగ్గరికి తాటిముంజలు అమ్మకానికి వస్తే, ఆలోచన ఆపి డజను కొన్నాను.

రాజోలు దాటి మూడో వంతెన

శాంతి వాళ్ళ అమ్మ పేరు ఎస్తేరమ్మ. యాభై ఐదు దాటి ఉంటాయి. భర్త లేడు. కొబ్బరి పీచుతో తాడు పేని అమ్ముతుంది. కాలువగట్టు మీద తాటాకు ఇల్లు. నేను వాకిట్లోకి వచ్చేసరికి చెంబు నిండా నీళ్ళతో ఎదురొచ్చి, అదేమిటో నాకు తెలిసే లోపు వంగి నా కాళ్ళ మీద నీళ్ళు పోసి చేత్తో రుద్దబోయింది. మళ్ళీ లాక్కున్నాను.

"అక్కా, నాకలవాటు లేదు. చెంబు ఇలా ఇవ్వు."

"మీరు మాకు చుట్టమండి. అంత దూరం నించొచ్చేరు."

మా ఊళ్ళో అక్కా అని పిలిచాక 'మీరు' అంటే పొమ్మన్నట్టు. ఇక్కడ నా 'నువ్వు' విని ఆమె ఒక్క క్షణం తెల్లబోయింది, తర్వాత నవ్వేసింది. ఆమె మాత్రం కడదాకా 'మీరు' వదల్లేదు.

నేను కాళ్ళు కడుక్కుంటూ ఆమె కాలు చూశాను. చూడడానికి ఏమీ లేదు. చీర అంచు నేల మీద జీరాడుతోంది, కుడివైపు జానెడు మేర తడిసి మట్టి పట్టింది. బరువంతా ఎడమకాలి మీద వేసి నడుస్తోంది. పక్క నుంచి వెళ్ళినప్పుడు ఒక వాసన వచ్చింది. ఆ వాసన నాకు వార్డులో తెలుసు. వాపొక్కటే కాదు, పుండు కూడా ఉంది.

భోజనంలో పనసపొట్టు ఆవపెట్టిన కూర, ఆనపకాయ ముక్కల పులుసు, మామిడికాయ పప్పు. ఈస్టరుకి ముందు శ్రమల కాలం కాబట్టి నలభై రోజులూ వాళ్ళు నీచు ముట్టరట. గోదావరి ఒడ్డుకొచ్చి ఆనపకాయ తిన్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పనసపొట్టు మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాను. మా సంగటిలోకి అది ఎంత బాగుంటుందో వాళ్ళకి తెలియదు.

"శాంతి నీ కాలు చూసి రమ్మంది" అన్నాను, చుట్టూ తిప్పకుండా.

"ఆయ్, చూపిస్తానండి. ముందు మీరు భోంచెయ్యండి."

భోజనం అయింది. "ఆయ్, ముందు కాసేపు నడుం వాల్చండి." నడుం వాల్చాను. "ఆయ్, పొద్దు వాలనివ్వండి." పొద్దు వాలింది. కాలు మాత్రం కనబడలేదు. అక్కడ 'ఆయ్' అంటే సరే అని అర్థం. ఎప్పుడు సరే అన్నది మాత్రం మనం అడక్కూడదు.

గురువారం పొద్దున

మర్నాడు లేచేసరికి ఎస్తేరమ్మ ఇంటి ముందు అరడజను ఇత్తడి పళ్ళేలు పెట్టుకుని చింతపండుతో తోముతోంది. అవి గుడివి. చర్చిని అక్కడ గుడి అనే అంటారు. యేసు తన శిష్యుల కాళ్ళు కడిగిన రోజు అది. పెద్ద చర్చిల్లో ఫాదరుగారు పన్నెండుమందిని కూర్చోబెట్టి కడుగుతారని నాకు తెలుసు. వీళ్ళది చిన్న సంఘం, పద్ధతి వేరు. చాపల మీద ఎదురుబొదురుగా కూర్చుంటారు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఎదుటి మనిషి కాళ్ళు కడిగి తుడవాలి, తర్వాత వాళ్ళ చేత కడిగించుకోవాలి. అది అయ్యాకే రొట్టె, ద్రాక్షరసం. దాన్ని బల్ల అంటారు. కడిగించుకోని మనిషి బల్ల దగ్గరికి రాకూడదు.

నా పెళ్ళిలో మా నాన్న మా ఆయన కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తల మీద చల్లుకున్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో మా ఆయన మా నాన్న చెప్పులైనా జరిపి పెట్టలేదు. మన దగ్గర కడిగేవాళ్ళు కడిగేవాళ్ళే. వంతు మారడం నాకు కొత్తగా అనిపించింది.

"మరి నీకెవరు కడుగుతారు అక్కా?"

"నాకెక్కడ తీరుద్దండి. బోరు దగ్గర్నించి నీళ్ళు మొయ్యాలి, పళ్ళేలు మార్చాలి, తాగే నీళ్ళు చూడాలి. పద్దెనిమిదేళ్ళ నించి నీళ్ళ పని నాదేనండి. పాస్టరుగారు ప్రతి ఏడూ చెప్తారు, వినయమంటే ఎస్తేరమ్మని చూసి నేర్చుకోండని."

చెప్తూ పళ్ళెం మరీ గట్టిగా తోమింది. నాకు అప్పుడు తెలిసింది. బకెట్టు మోస్తున్నంతసేపూ ఆమెని ఎవరూ చాప మీద కూర్చోమనరు. కాలు వాచిన దగ్గర నుంచీ ఆమె వినయం ఆమెకి చాటు. పళ్ళేలు ఎత్తడానికి లేచిన మనిషి బల్ల తీసుకుందో లేదో ఎవరూ అడగరు.

"కాలు మొదలైనప్పటి నుంచీ బల్ల తీసుకోలేదు కదూ?"

చెయ్యి ఆగింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది.

"వాపైతే పర్లేదండి, చాలామందికుంది. నాది పుండండి. వాసనొస్తాది. అది చూసేక నా చేతి నీళ్ళెవరు తాగుతారండి? శాంతికి చూపిస్తే ఆసుపత్రంటాది, ఊరందరికీ తెలుస్తాది. ఆ నీళ్ళ పని కూడా పోతే నాకింకేముందండి ఆ గుళ్ళో?"

బోదకాలు ముట్టుకుంటే అంటదని చెప్పాను. రోజూ సబ్బుతో కడిగి వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిస్తే పుండు మానుతుందని, జ్వరాలు కూడా తగ్గుతాయని చెప్పాను. శ్రద్ధగా విని, "ఆయ్" అంది.

గురువారం సాయంత్రం

నాలుగు గంటలకి ప్రార్థన. ఏప్రిల్ ఎండ ఇంకా దిగలేదు. వెనక గోడవార కూర్చుని చూసి వచ్చేద్దామని నా ఉద్దేశం. ఆ మతం కాని మనిషిని, వెనక ఉండడమే మర్యాద. కానీ ఆడవాళ్ళ వైపు ఒకే ఫ్యాను తిరుగుతోంది. దాని కింద చాప చివర పిలిచి పీట వేసినట్టు ఖాళీ ఉంది. ఉక్క భరించలేక వెళ్ళి కూర్చున్నాను. పక్కన రాహేలమ్మ అని డెబ్భై ఏళ్ళ ముసలావిడ కొద్దిగా జరిగి చోటిచ్చింది.

పాట అయింది, వాక్యం అయింది. జోడీలు ఎదురుబొదురుగా తిరిగారు. నా ఎదుట మాత్రం ఎవరూ లేరు. ఆడవాళ్ళు సరిగ్గా సరిసంఖ్యలో వచ్చారు, నేను బేసి అయ్యాను. తప్పు అర్థమై లేవబోయాను.

"నేను చూడడానికి వచ్చినదాన్ని, మీ సంఘం కాదు" అన్నాను.

రాహేలమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "చాప మీద కూర్చున్నవాళ్ళని లేపమండి మేము. ఎవరైనా సరేనండి."

పాస్టరుగారు అటూ ఇటూ చూశారు. మిగిలింది ఒక్కతే. బకెట్టు పట్టుకుని ద్వారం దగ్గర నిలబడి ఉంది. "ఎస్తేరమ్మా, సిస్టరుగారికి నువ్వు" అన్నారు.

ఆమె వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఈసారి కాలు లాక్కోవడానికి వీల్లేదు. నలభైమంది చూస్తున్నారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మడమ అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్క వేలి సందూ రుద్దింది. తొందర లేదు. నా కాళ్ళు అలా ఎవరు కడిగారో గుర్తు చేసుకుందామని చూశాను. మా అమ్మ కడిగి ఉంటుంది, నాకు జ్ఞాపకం లేని వయసులో. కళ్ళు చెమర్చాయి. డ్యూటీలో ఏడవని మనిషిని, నా మీద నాకే కోపం వచ్చింది.

తుడవడం అయ్యాక ఎప్పటిలాగే బకెట్టు అందుకుని లేవబోయింది. ఇప్పుడు నా వంతు. కూర్చో అని గట్టిగా అంటే అందరి ముందూ కూర్చోక తప్పదు ఆమెకి. శాంతికిచ్చిన మాట నెరవేరుతుంది. కానీ వార్డులో మేం ఎవరి పుండైనా తెర లాగకుండా విప్పం. అందుకని ముందుకు వంగి, ఆమెకి మాత్రమే వినబడేట్టు చెప్పాను.

"నీ ఇష్టం అక్కా. వద్దంటే వదిలేస్తా. ఇంట్లోనే చూస్తా."

ఆమె లేవలేదు, కూర్చోలేదు. బకెట్టు పిడి పట్టుకుని అలాగే వంగి ఉంది. పక్క నుంచి రాహేలమ్మ మాట్లాడింది. మెల్లిగా మాట్లాడడం ఆవిడకి తెలియదేమో, గుడంతా వినబడింది.

"ఎన్నేళ్ళు మోస్తావే బకెట్టు? నీ కాలు సంగతి మాకు తెలీదనుకున్నావా? నువ్వు దాచుకుంటన్నావని మేమూ చూడనట్టు ఉండేం. కూర్చోవే తల్లీ."

ఎస్తేరమ్మ బకెట్టు కింద పెట్టింది. చాప మీద కూర్చుంది. కుచ్చిళ్ళు తనే ఎత్తింది.

నేను నర్సుని కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. మోకాలి కింద నుంచి వాపు, చర్మం గట్టిపడి గరుకు దేరింది. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య పుండు, పక్కన ఇంకొకటి. పాతవే కానీ లోతు లేదు. కడిగితే మానేవే. ఎనిమిదేళ్ళు భయపడాల్సిన కాలు కాదు అది. నీళ్ళు రెండుసార్లు మార్పించి, వేళ్ళ సందులు తువ్వాలు కొసతో పొడిగా అద్దాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

అయ్యాక అలవాటు కొద్దీ బకెట్టు కోసం చెయ్యి చాపింది. అప్పటికే రాహేలమ్మ దాన్ని తన వైపు లాగేసుకుంది. ఎస్తేరమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నీళ్ళ పని పోతుందని భయపడింది, అదే జరిగిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

"ఉండవే. ముందు బల్ల తీసుకో" అంది రాహేలమ్మ.

రొట్టె పళ్ళెం వచ్చింది. నేను పక్కకి తప్పుకున్నాను, అది నాది కాదు. తర్వాత ద్రాక్షరసం. పట్నం చర్చిల్లో మాదిరి చిన్న చిన్న గ్లాసులు లేవక్కడ, అందరికీ ఒకటే గిన్నె. ఎస్తేరమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కాస్తే తాగింది. గిన్నె పక్కన పెట్టుకున్న గుడ్డతో తను తాగిన అంచు తుడవబోయింది. రాహేలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గిన్నె తీసుకుని, ఎస్తేరమ్మ తాగిన అంచు నుంచే తాగింది.

"మన చేతి నీళ్ళు తాగనోళ్ళని ఊళ్ళో చాలామందిని చూసేం" అంది. "గుళ్ళో కూడా ఎందుకే."

గిన్నె అవతలి మనిషికి వెళ్ళింది, అక్కడి నుంచి ఇంకో మనిషికి. ఎవరూ తుడవలేదు. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంకా పొద్దు ఉండగానే అంతా అయిపోయింది. పళ్ళేల్లో నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసింది ఎస్తేరమ్మే.

శుక్రవారం

బయల్దేరే ముందు ఇంట్లో ఇంకోసారి కాలు కడిగి, సబ్బు ఎలా వాడాలో, రాత్రి కాలు ఎత్తులో ఎలా పెట్టుకోవాలో చూపించాను. మొత్తం విని "ఆయ్" అంది. ఈ 'ఆయ్'ని నేను నమ్మాను. బస్సు ఎక్కేటప్పటికి ఆమె బోరు దగ్గర ఉంది. మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థనకి తాగే నీళ్ళు నింపుతోంది. చీర అంచు చీలమండ పైకి దోపుకుంది. నేను తెచ్చిన గాజుగుడ్డ కట్టు తెల్లగా కనబడుతోంది.

అనంతపురం

"చూపించిందాండీ?" అని అడిగింది శాంతి, నేను డ్యూటీలో చేరగానే.

"చూపించింది."

"ఎలా ఒప్పించేరండి?"

"నేనేం ఒప్పించలేదు. ఉక్కపోస్తే ఫ్యాన్ కింద కూర్చున్నా."

జరిగింది మొత్తం చెప్పాను. శాంతి సంతోషిస్తుందనుకున్నాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి, "నాకు ఒక్కసారీ చూపించలేదండి" అంది. కడిగినది నేను, కడగాల్సింది ఆ పిల్ల. అది నాకు గుచ్చుకుంది.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే వారం సెలవు చీటీ శాంతి పేరున రాయించి, ఆమె డ్యూటీ నేను చేశాను. వెళ్ళొచ్చాక తను నా టేబుల్ మీద ఒక డబ్బా పెట్టి తన పనిలోకి వెళ్ళిపోయింది. డబ్బాలో కొబ్బరి ఉండలు, పైన మడత పెట్టిన కాగితం. అక్షరాలు ఎస్తేరమ్మవి, పెద్దవిగా, గీత దాటి ఉన్నాయి.

"ఈసారి ఫ్యాన్ కింద మా శాంతి కూర్చుందండి. నా కాళ్ళు అదే కడిగింది. ఏదీ దాచకుండా రెండు కాళ్ళూ ఒకేసారి పెట్టేనండి."